రేనాటి పాటకు వంత ఎవరు?

తల తీసి కోటకు వేలాడదీశారు. జనం పాట కట్టి ఊరూరా పాడుకున్నారు. కంపెనీ పోయింది... పాట మిగిలింది. తంబురా నుంచి తెర దాకా, తెర నుంచి సెల్‌ఫోన్ దాకా కోయిలకుంట్ల సీమలో పల్లెపాట నడిచిన దారి ఇది.

కొందరు కోవెలకుంట్ల అని రాస్తారు. కొందరు కోయిలకుంట్ల అంటారు. ఎలా అన్నా తప్పులేదు. పాత తెలుగులో కోవెల అన్నా కోయిల అన్నా గుడే. కోయిల అంటే పాడే పిట్ట కూడా. పాటతో ఇంత పేరు తెచ్చుకున్న ఊరికి అంతకంటే తగిన పేరేముంటుంది!

నంద్యాల నుంచి కిందికి దిగుతుంటే దారికి ఇరువైపులా నల్లరేగడి. వాన పడితే కాలు దిగబడే మన్ను. ఎండ కాస్తే చెయ్యి పట్టేంత నెర్రెలు. చలికాలంలో వెళ్తే కనుచూపు మేరా శనగే. నంద్యాల మీదుగా వచ్చే కుందూ నది ఈ సీమను ఒరుసుకుంటూ కడప జిల్లాలోకి దాటి పెన్నలో కలుస్తుంది. చాలాకాలం కర్నూలు జిల్లాలో ఉన్న కోయిలకుంట్ల 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. జిల్లాల పేర్లు మారుతుంటాయి కానీ ఈ నేల పాత పేరు ఒకటే... రేనాడు.

కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుడు ధనంజయుడు వేయించిన శాసనం ఉంది. సుమారు క్రీ.శ. 575 నాటిది. ఇప్పటిదాకా దొరికిన తొలి తెలుగు శాసనాల్లో దానికి పెద్దపీట. అంటే తెలుగు రాత తొలి అడుగులు వేసిన నేల ఇది. విచిత్రం ఏమిటంటే, ఇంత పాత రాత ఉన్న రేనాడు తన అతిపెద్ద కథను రాసుకోలేదు. పాడుకుంది!

11 రూపాయల 10 అణాల 8 పైసలు

ఆ కథ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. 1800లో నిజాం నవాబు ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్ల అధికారాలు లాగేసుకుని, నెలనెలా భరణంతో సరిపెట్టాడు. నొస్సం పాలెగాడి కూతురి కొడుకైన నరసింహారెడ్డి వాటాకు వచ్చిన భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. బంధువుల పాలు ఆగిపోయింది. ఇనాములు పోయిన కట్టుబడి బంట్రోతులు ఆయన చుట్టూ చేరారు. వాళ్లలో వడ్డె ఓబన్నను జనం ఇప్పటికీ తలచుకుంటారు.

1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. తర్వాత కొన్ని నెలలు నల్లమల అంచుల్లో, కొండల్లో వేట. అక్టోబరులో పేరుసోముల దగ్గర కొండ మీద నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జుర్రేరు ఒడ్డున, వేలాది జనం చూస్తుండగా ఉరితీశారు. తలను కోటకు వేలాడదీశారు. 1877 దాకా, అంటే ముప్ఫై ఏళ్లు, అది అలాగే ఉందంటారు. చూసినవాళ్లు భయపడాలి, మరచిపోవాలి... కంపెనీ కోరుకున్నది అదే. 1857 సిపాయిల తిరుగుబాటుకు అప్పటికి ఇంకా పదేళ్లుంది.

కంపెనీ దస్తరంలో ఆయన తిరుగుబాటుదారు. జనం దగ్గర దస్తరం లేదు. అచ్చు యంత్రం లేదు. ఉన్నదల్లా గొంతు. తలను కోటకు కట్టగలిగారు గానీ గొంతుకు తాళం వేయలేకపోయారు.

ఒకరు చెబితే కథ కాదు

ఆ పాట ఎవరు కట్టారు? ఒకరని చెప్పలేం. జంగాలు కట్టారు. కోలాటం పాడేవాళ్లు కట్టారు. చెక్కభజన బృందాలు కట్టాయి. ఒక ఊళ్లో పాడినట్టు మరో ఊళ్లో ఉండదు. ఒక పాటలో గుర్రం వర్ణన పొడవు, మరో పాటలో తల్లి శోకం పొడవు. పాట వింటున్న ఊరు దండు దారికి దగ్గర్లో ఉంటే, ఆ ఊరి పేరూ పాటలోకి వచ్చేస్తుంది. వరసే ముఖ్యం. మాటలు ఎప్పటికప్పుడు పుడతాయి.

జంగం కథలో నడుమ కథకుడు. భుజాన తంబురా. ఎండిన సొరకాయ బుర్రతో చేసింది కాబట్టి దాన్నే బుర్ర అనేవారు. వేలికి అందెలు. లోపల రవ్వలుండే ఆ లోహపు ఉంగరాలను తాటించి తాళం వేసేవాడు. అటూ ఇటూ వంతపాడేవాళ్లు. చాలాచోట్ల వాళ్లు ఆ ఇంటి ఆడవాళ్లే. చేతిలో గుమ్మెటలు. కుండలాంటి బుడికి ఒకవైపు తోలు బిగించి వాయించే వాద్యం అది. కథకుడు ఒక చరణం అనగానే వీళ్లు తందాన అంటారు. అనడమే కాదు... ‘అప్పుడేమయింది?’ అని అడుగుతారు, ఎకసెక్కం ఆడతారు, అర్థం విడమరుస్తారు. రచ్చకట్ట ముందు కూర్చున్న జనం కూడా ‘ఊ’ కొడతారు. ఊ కొట్టకపోతే కథ సాగదు.

పల్లెపాటకు ప్రాణం ఇక్కడే ఉంది. అది ఒకరు పాడి పదిమంది వినేది కాదు. ఒకరు అందుకుంటే పదిమంది బదులిచ్చేది. వంత లేకపోతే అది పాట కాదు... కూనిరాగం!

పాటకు కాళ్లు కూడా ఎక్కువే. జె.ఏ. బాయిల్ అనే ఆంగ్లేయుడు 1874లో ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో తెలుగు వీరగాథల గురించి ఓ వ్యాసం రాశాడు. ఆయన బళ్లారి ప్రాంతంలో సేకరించిన వాటిలో సర్వాయి పాపడి పాట ఉంది. పాపడు ఓరుగల్లు దగ్గరి వీరుడు. 1710లో చనిపోయాడు. ఎక్కడి ఓరుగల్లు, ఎక్కడి బళ్లారి! నూటఅరవై ఏళ్లు, వందల మైళ్లు... మోసుకొచ్చింది పాటగాళ్లే. నరసింహారెడ్డి పాటలు కాగితానికి ఎక్కడానికి మాత్రం చాలాకాలం పట్టింది. తెలుగు వీరగాథల మీద జీవితమంతా పనిచేసిన తంగిరాల వెంకట సుబ్బారావు పల్లెలు తిరిగి వాటిని సేకరించి, ‘రేనాటి సూర్యచంద్రులు’ పుస్తకంతో చదువుకున్న లోకానికి చూపించారు.

పని పోయింది... పాటా పోయింది

వీరగాథలు రాత్రి పాటలు. పగటి పాటలు వేరే. వడ్లు దంచితే సువ్వి పాట. తిరగలి తిప్పితే విసురు పాట. బావి దగ్గర ఎద్దులను వెనక్కీ ముందుకీ నడిపించి నీళ్లు తోడితే కపిల పాట. జొన్న చేలో, పత్తి చేలో కలుపు తీస్తే ఆడవాళ్ల పాట. ఒకామె మొదలుపెడితే సాలు సాలంతా అందుకునేది.

రైసుమిల్లు వచ్చాక సువ్వి ఆగింది. పిండిమర వచ్చాక తిరగలి అటకెక్కింది. కరెంటు మోటారు కపిల పాటను మింగేసింది. జొన్న, కొర్ర పండిన నేలలో ఇప్పుడు శనగది పెద్దవాటా. ట్రాక్టరుతో విత్తడం, యంత్రంతో నూర్చడం. కలుపు మందు చల్లిన చేలో పాట పాడేదెవరు? పల్లెపాట ఎక్కడికి పోయిందని వెతుక్కుంటాం కానీ... పని ఎక్కడికి పోయిందో అదీ అక్కడికే పోయింది. అలాగని మళ్లీ రోకలి పట్టుకోమని మన ఆడవాళ్లకు చెప్పగలమా? ఆ పాటల్లో సగం ఒళ్లునొప్పులు మరచిపోవడానికి పాడుకున్నవే. అంత కష్టం తప్పినందుకు సంతోషించాల్సిందే.

పాటగాళ్ల సంగతీ అంతే. జంగాలకు కోతలప్పుడు కళ్లంలో ఇంత గింజ కొలిచేవారు. తిండిగింజలు పోయి వాణిజ్య పంటలు వచ్చాక ఆ కొలత ఆగింది. ఊరూరా తిరిగి చేయి చాచే బతుకు తమతోనే పోవాలని పిల్లల్ని బడికి పంపారు. తప్పెట కొట్టేవాళ్ల ఇళ్లలోనూ అదే మాట. చావుకూ జాతరకూ పిలిచినప్పుడల్లా కొట్టి తీరాలన్న కట్టుబాటును కాదనడం వాళ్లకు ఆత్మగౌరవం. కళ పోతోందని బాధపడే పెద్దమనుషులు కళాకారుడి ఆకలి గురించీ ఒక్క మాట మాట్లాడాలి. తప్పెట ఇష్టంగా కొట్టే రోజు వస్తేనే దానికి గౌరవం.

మైకు వచ్చింది

పాట మారడం మాత్రం నిన్నమొన్న మొదలైంది కాదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ జంగం కథను పట్టుకుని దాని రూపురేఖలే మార్చేశారు. 1940లలో ప్రజానాట్యమండలి వేదికల మీద ఆయన చేతిలో అది కొత్త బుర్రకథ అయింది. రాత్రంతా సాగే కథ రెండు మూడు గంటలకు కుదించుకుంది. వంతల్లో ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. పాత కథలోకి కరువు, దోపిడీ, ఎన్నికలు అన్నీ వచ్చాయి. 1954లో ‘అగ్గిరాముడు’ సినిమాలో అల్లూరి సీతారామరాజు కథ చెప్పి నాజర్ తెరకూ ఎక్కారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఇది పాత పద్ధతి కాదన్నవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు. ఇప్పుడు మనం సంప్రదాయ బుర్రకథ అంటున్నది మాత్రం నాజర్ మార్చిందే!

తర్వాత రేడియో. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. సీమ గొంతులు గాలిలోకి ఎగిరాయి. అయితే రేడియోకు గడియారం ఉంటుంది. తెల్లవార్లూ సాగే కథ కేటాయించిన నిమిషాల్లో ఒదగాలి. పైగా స్టూడియోలో ఊ కొట్టే జనం ఉండరు. పాట అందరి ఇళ్లకూ వెళ్లింది... రచ్చకట్ట మీద మాత్రం ఖాళీ మొదలైంది.

1980లలో క్యాసెట్టు వచ్చాక లెక్కే మారింది. భజన మందిరాల్లో హార్మోనియం పక్కన కీబోర్డు చేరింది. హిట్టయిన సినిమా పాట బాణీలో రాముడి పాట కట్టడం మామూలైపోయింది. జొన్నచొప్ప మంట మీద కాచి శ్రుతి చేసే తోలు తప్పెట స్థానంలో, కాచే పనిలేని ప్లాస్టిక్ పొర వచ్చింది. మోత పెరిగింది. నాదం తగ్గింది.

అక్కడా ఇదే కథ

ఈ కథ మనదొక్కటే కాదు. అమెరికావాళ్లు కంట్రీ మ్యూజిక్ అంటారే, అదీ మన పల్లెపాట లాంటిదే. కొండప్రాంతాల రైతులు, గని కూలీలు ఇంటి అరుగుల మీద ఫిడేలు, బాంజో వాయిస్తూ పాడుకున్న పాటలు. 1927లో విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన రికార్డింగ్ యంత్రంతో టెన్నెసీలోని బ్రిస్టల్ పట్టణానికి వచ్చాడు. కార్టర్ కుటుంబం, జిమ్మీ రోడ్జర్స్ అక్కడే తొలిసారి రికార్డుకెక్కారు.

ఆ కుటుంబ పెద్ద ఏ.పి. కార్టర్ పాటల కోసం కొండపల్లెలన్నీ తిరిగాడు. ఆయన వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గాయకుడు ఉండేవాడు. కార్టర్ మాటలు రాసుకుంటే, రిడిల్ బాణీలు బుర్రలో పెట్టుకునేవాడు. తీరా రికార్డు వచ్చాక హక్కులు కార్టర్ పేరిట... ఇన్నాళ్లూ అందరిదీ అయిన పాట ఒకరి సొత్తయింది. 1950లు వచ్చేసరికి నాష్‌విల్ స్టూడియోలు ఫిడేలు, బాంజోలను పక్కకు నెట్టి నగరం మెచ్చే వాద్యబృందాలను తెచ్చిపెట్టాయి. పల్లె పేరు చెప్పుకునే పట్నం పాట తయారైంది. ఇది పల్లెపాటేనా అనే గొడవ అక్కడ ఇంకా తెగలేదు.

కత్తి పాట... అన్నం పాట

మన దగ్గర ఆ బ్రిస్టల్ ఘట్టం 2019 అక్టోబరు 2న వచ్చింది. ఆ రోజు చిరంజీవి నటించిన ‘సైరా నరసింహారెడ్డి’ విడుదలైంది. దర్శకుడు సురేందర్‌రెడ్డి. ఆ ‘సైరా’ జనం పాటలోని పిలుపే. సంగీతం ముంబయికి చెందిన అమిత్ త్రివేది. పేరు పాటను సిరివెన్నెల రాస్తే శ్రేయా ఘోషల్, సునిధి చౌహాన్ పాడారు. పెద్ద వాద్యబృందం, పెద్ద గొంతులు. సినిమాకు అవి కావాలి. తప్పుపట్టాల్సిన పనిలేదు. రేనాడు దాటి ఎవరికీ పెద్దగా తెలియని పేరు దేశమంతా వినిపించింది. 2021 మార్చిలో మొదలైన ఓర్వకల్లు విమానాశ్రయానికి కూడా నరసింహారెడ్డి పేరే పెట్టారు. ఒకప్పుడు కోటకు వేలాడిన తల... ఇప్పుడు విమానాల దగ్గర పేరు పలక. పాట సాధించిన గెలుపు ఇది.

అయితే ఒకటి పోయింది. ఇప్పుడు పిల్లల్ని నరసింహారెడ్డి పాట పాడమంటే సినిమా పాటే అందుకుంటారు. గుర్రం పొడవున్న పాట, తల్లి శోకం పొడవున్న పాట, మన ఊరి పేరున్న పాట... పది రకాల కథల మీద ఒకే కథ వచ్చి కూర్చుంది. రికార్డుకు ఉన్న గుణమే అది. ఎన్నిసార్లు వేసినా ఒకేలా పాడుతుంది. మనం ఊ కొట్టినా కొట్టకపోయినా దానికి పట్టదు.

ఇంకో ముచ్చట. ఉయ్యాలవాడ ఇచ్చింది ఒక్క వీరుణ్నే కాదు. బుడ్డా వెంగళరెడ్డిదీ ఆ ఊరే. 1866 కరువులో సీమ అల్లాడుతుంటే గాదెలు తెరిచి, గంజి కాచి వచ్చినవాళ్లందరికీ పోయించిన దాత. విక్టోరియా రాణి పేరిట బంగారు పతకం కూడా ఇచ్చారంటారు. యాచకులు, జంగాలు ఆయన మీదా పాటలు కట్టారు. తంగిరాల వారి పుస్తకం పేరులోని సూర్యుడు, చంద్రుడు ఈ ఇద్దరే. ఒకే ఊరు, ఒకే శతాబ్దం, రెండు పాటలు. ఒకటి కత్తి పాట, ఒకటి అన్నం పాట. కత్తి పాట వెండితెరకెక్కింది. అన్నం పాట ఊళ్లోనే ఉండిపోయింది.

పాత పాటగాడికి ఈ తేడా లేదు. కరువు చూసిన జనం ముందు నిలబడి రెండూ పాడాడు. ఏది పాడాలో అతనికి చెప్పింది ఎదురుగా కూర్చున్నవాళ్లు. ఇప్పుడు చెబుతున్నది బజారు. బజారుకు యుద్ధం కావాలి, గంజి అక్కర్లేదు. పల్లెపాటకు వచ్చిన అసలు మార్పు కీబోర్డో, డీజేనో కాదు. పాట ఎంపిక చేసుకునే హక్కు ఊరి చేతుల్లోంచి జారిపోవడం.

ఇంకా బదులు వినిపించే చోట్లు

అంతా అయిపోయిందా? లేదు. పాట ఇంకా బతికి ఉన్న చోట్లు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. వంత అవసరమైన చోటే అది బతికి ఉంది.

పీర్ల పండగ చూడండి. సీమ పల్లెల్లో హసన్, హుసేన్‌ల కథలు తెలుగులోనే పాడతారు. గుండం చుట్టూ హిందువులు, ముస్లింలు కలిసి తిరుగుతూ, తప్పెట దెబ్బకు అడుగులేస్తూ పాడతారు. అది సెల్‌ఫోన్‌లో వేసుకుంటే కుదిరేది కాదు. కోలాటమూ అంతే. ఎదుటి కోలు లేకపోతే మన కోలు మోగదు. చెక్కభజనలో గురువు ఒకటి అంటే, వలయమంతా చెక్కలు తాటించి తిప్పి అనాలి. బనగానపల్లె రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని చెప్పే పోతులూరి వీరబ్రహ్మం తత్వాలను పాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రాత్రి భజనలో ఒకరు తత్వం ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకోవాల్సిందే.

ఫోనును తిట్టుకోవాల్సిన పని కూడా లేదు. ఒకప్పుడు పుస్తకం వేసేవాళ్లు దొరక్క ఎన్ని పాటలు మట్టిలో కలిశాయో. ఇప్పుడు పల్లె కుర్రాళ్లే అవ్వ పాటను ఫోనులో పట్టి యూట్యూబ్‌లో పెడుతున్నారు. కాకపోతే అవ్వను ఒంటరిగా కూర్చోబెట్టి పాడించి, వెనక డీజే మోత కలిపితే మిగిలేది సగం పాటే. పక్కన మరో ఇద్దరు అవ్వలను కూర్చోబెట్టాలి. మధ్యలో వాళ్లు వేసే ఎకసెక్కాలు, దిద్దుబాట్లు, ‘అట్ల కాదులే, ఇట్ల’ అనే తగవులు కూడా పట్టాలి. పాట ఉన్నది ఆ తగవులోనే.

వెళ్లాలనుకుంటే కోయిలకుంట్ల దూరమేమీ కాదు. 2016లో నంద్యాల-ఎర్రగుంట్ల రైలు మార్గం మొదలయ్యాక బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు ఒకే దారిలో కలిశాయి. యాగంటి, బెలుం గుహలు, అహోబిలం చూడటానికి వచ్చేవాళ్లు ఈ దారిలో ఒక పూట ఆగొచ్చు. చూడటానికి ఇక్కడ పెద్ద కట్టడాలుంటాయని అనుకోవద్దు. ఈ ఊరికి వెళ్లేది వినడానికి. సాయంత్రం పల్లెల్లో కోలాటమో భజనో జరుగుతుంటే వీడియో తీస్తూ దూరంగా నిలబడకుండా వలయం దగ్గరికి వెళ్లి కూర్చోండి.

అంతదూరం వెళ్లలేకపోతే మీ ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఈ ఆదివారం అవ్వనో తాతనో చిన్నప్పటి పాట ఒకటి పాడమని అడగండి. మొదట సిగ్గుపడతారు. గొంతు పోయిందంటారు. రెండు చరణాలు పాడి మూడోది మరచిపోతారు. అప్పుడు ఫోను పక్కన పెట్టి, పిల్లలతో సహా అందరూ తందాన అనండి. మూడో చరణం దానంతట అదే గుర్తుకొస్తుంది.